రెండు గొట్టాల పడవ

పెనుగంచిప్రోలు తిరపతమ్మ తిరునాళ్ళకి చిన్నప్పుడు వెళ్ళినవాళ్ళలో కొందరికైనా ఆ శబ్దం గుర్తుండే ఉంటుంది. గాజుల కొట్లూ జీళ్ళ కొట్లూ దాటాక, మునేటి వైపు దిగే దారిలో ఒకాయన వెడల్పాటి రేకు పళ్ళెం నిండా నీళ్ళు పోసుకుని కూర్చునేవాడు. ఆ నీళ్ళలో అరచెయ్యంత రేకు పడవ ఒకటి టపటపటపమని గుండ్రంగా తిరుగుతూ ఉండేది. తాళంచెవి లేదు, బ్యాటరీ లేదు, లోపల చక్రం లేదు, వెనక ఫ్యాను లేదు. పడవ కడుపులో చిన్న నూనె ఒత్తి వెలుగుతుంటుంది. వెనకాల రెండు సన్నటి గొట్టాలు నీళ్ళలో మునిగి ఉంటాయి. అంతే.

అది ఎలా నడుస్తుందో పదేళ్ళప్పుడు నాకు తెలీదు. పందొమ్మిదేళ్ళప్పుడు తెలుసు. ముప్పై దాటాక, ఆ తెలిసినదంతా తప్పని తెలిసింది.

మా అమ్మమ్మగారి ఊరు చిల్లకల్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ కార్లో పోయేవాళ్ళకి ఇప్పుడు అది ఒక టోల్‌గేటు పేరు. తాతయ్యకి అక్కడ రోడ్డు వారగా ఒక రేకుల షెడ్డు ఉండేది. ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. సాగర్ ఎడమ కాలవ ఆ వైపుకి వచ్చింది గానీ, చివరి భూములకి నీళ్ళందడం ఎప్పుడూ అనుమానమే. మెరక పొలాలన్నీ బావుల మీద, బావులన్నీ ఇంజన్ల మీద, ఇంజన్లు తాతయ్యలాంటి వాళ్ళ మీద ఆధారపడి ఉండేవి. ఆయన చదువు ఐదో తరగతి. చెవి మాత్రం గట్టిది. ఇంజను దూరం నుంచి వినపడితే చాలు, ఎక్కడ బాధపడుతోందో చెప్పేవాడు.

నేను ఇంజనీరింగు రెండో సంవత్సరం అయ్యాక ఎండాకాలం సెలవల్లో వెళ్ళాను. థర్మోడైనమిక్స్ అప్పుడే పాసయ్యాను, ఆ వేడి మీద ఉన్నాను. పాత రేకు పడవ షెడ్డులో కనపడితే తాతయ్యకి పాఠం చెప్పా. "ఒక గొట్టంలోంచి నీళ్ళు లోపలికొస్తాయి, ఇంకో గొట్టంలోంచి ఆవిరి బయటికి తన్నుద్ది. ఇన్‌లెట్టు, ఎగ్జాస్టు. మీ ఇంజను లాంటిదే తాతయ్యా." ఆయన పడవని తిరగేసి, కళ్ళజోడు పైకి నెట్టి, గొట్టాల కొసలు చూసి, "మరి వాల్వేదిరా?" అన్నాడు. నేను ఏదో అన్నాను. వాల్వు అవసరం లేదనీ, ప్రెషరే చూసుకుంటుందనీ. "రెండూ ఒక్క డబ్బాలోకే తెరుచుకుని ఉన్నయ్యి గదా. ఏ గొట్టంలోంచి పోవాలో ఆవిరికి ఎవడు చెప్తాడు?" అని మళ్ళీ అడిగి, నా జవాబు కోసం ఆగకుండా పనిలో పడిపోయాడు.

ఆయన పోయాక షెడ్డు ఖాళీ చేస్తుంటే నట్ల డబ్బాలో ఆ పడవ దొరికింది. రెండు గొట్టాల్లో ఒకదాని కొస మాటు వేసి మూసేసి ఉంది. పాడైపోయిందనుకుని పక్కన పెట్టాను. తరవాత ఎందుకో ఇంటికి తెచ్చుకున్నాను. ఒక ఆదివారం బాత్రూం టబ్బులో వేసి ఒత్తి వెలిగించా. నడిచింది. కొంచెం ఒక పక్కకి లాగుతూ, కానీ నడిచింది. నా ఇన్‌లెట్టు–ఎగ్జాస్టు సిద్ధాంతం అక్కడితో సరి. తాతయ్య పరీక్ష కోసమే ఆ గొట్టం మూశాడా, కారుతుందని మూశాడా, ఆయన్ని అడిగే వీలు ఇక లేదు. కానీ ఆ మాటు వల్లే నేను ఈ బొమ్మ చరిత్ర వెతకడం మొదలుపెట్టాను.

దీనికి ఇంగ్లీషులో పాప్‌పాప్ బోటు అని పేరు. పుట్టించిన ఘనత సాధారణంగా థామస్ పియో అనే ఫ్రెంచివాడికి ఇస్తారు. 1891లో ఆయన ఇంగ్లండులో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. చిన్న బాయిలరు, దాని నుంచి రెండు గొట్టాలు, పడవ. మన తిరునాళ్ళ పడవ ఒళ్ళు దాదాపు అదే. అయితే ఇలాంటి పడవ ప్రస్తావన 1880 నాటి ఒక ఫ్రెంచి పత్రికలోనే ఉందని బేసిల్ హార్లీ అనే రచయిత 1975లో రాశాడు. అంటే పియో కంటే ముందే ఎవరో చేసి, పేరు పెట్టుకోకుండా వదిలేసి ఉండొచ్చు. బొమ్మల చరిత్రలో ఇది మామూలే. పేటెంటు కాగితం దొరికినవాడు కర్త అవుతాడు, సంతలో అమ్మినవాడు ఎవరో తెలీకుండా పోతాడు.

టపటప శబ్దం తర్వాత వచ్చింది. 1915లో అమెరికాలో చార్లెస్ మెక్‌హ్యూ బాయిలరు పైకప్పుకి పల్చటి రేకు పెట్టాడు. మూత నొక్కితే లోపలికి సొట్టపడి, వదిలితే టక్కుమని బయటికొచ్చే డబ్బాలు ఉంటాయి కదా, అలాంటిది. లోపల ఒత్తిడి పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే నొక్కుకుంటుంది, ప్రతిసారీ ఒక టక్కు. 1920లో విలియం పర్సెల్ ఇంకా తేలిక దారి పట్టాడు. అసలు డబ్బానే తీసేసి, ఒక సన్నటి గొట్టాన్ని చుట్టలు చుట్టి మంట మీద పెట్టి, రెండు కొసలూ నీళ్ళలోకి దింపాడు. ఇళ్ళలో సొంతంగా చేసుకునేవాళ్ళు ఎక్కువమంది చేసేది ఇప్పటికీ అదే, పెన్సిలు చుట్టూ రాగి గొట్టం చుట్టి. 1934లో పాల్ జోన్స్ ఫ్యాక్టరీలో వేలకొద్దీ తయారు చెయ్యడానికి వీలైన డిజైను ఇచ్చాడు. 1940లూ 50లూ ఈ పడవకి మంచి రోజులు. తర్వాత ప్లాస్టిక్కు వచ్చి రేకు బొమ్మలన్నిటినీ తుడిచిపెట్టింది. ఇండియాలో మాత్రం తయారీ ఆగలేదు. ఇవాళ అమెరికాలో ఎవరైనా ముచ్చటపడి ఈ పడవ కొంటే, అది మన దేశంలో చేసిందయ్యే అవకాశం బాగానే ఉంది.

మన తరంలో చాలామంది దీన్ని తిరునాళ్ళలో కాదు, సినిమాలో చూసి ఉంటారు. మియజాకి 2008లో తీసిన 'పోన్యో'లో సోసుకే దగ్గరుండే బొమ్మ పడవ ఇదే. ఊరు మునిగిపోయాక పోన్యో దాన్ని మంత్రంతో పెద్దది చేస్తుంది, పిల్లలిద్దరూ ఎక్కి వాళ్ళమ్మని వెతుక్కుంటూ వెళతారు. మొదటిసారి చూసినప్పుడు అందరూ సముద్రాన్నీ చేపల్నీ చూస్తుంటే నేను కొవ్వొత్తి ఎక్కడుందా అని చూశాను. ఉంది.

సరే, ఇంతకీ లోపల ఏం జరుగుతోంది?

ముందు రెండు గొట్టాల సంగతి. నూనె డబ్బాకి ఒక్క కన్నం పెడితే నూనె గడగడమంటూ ఆగి ఆగి పడుతుంది, అందుకే రెండు కన్నాలు పెడతాం. ఇక్కడా అంతే. పడవని నడిపే ముందు బాయిలరు నింపాలి. ఒక గొట్టంలో నీళ్ళు పోస్తే రెండో గొట్టంలోంచి గాలి బయటికి పోవాలి. రెండో గొట్టం ముఖ్యంగా ఉన్నది అందుకు. ఒకసారి నడక మొదలయ్యాక రెండూ ఒకే పని చేస్తాయి, ఒకేసారి బయటికి ఊదుతాయి, ఒకేసారి లోపలికి పీలుస్తాయి. నా టబ్బులో ఒంటి గొట్టం పడవని నింపడానికి ఇంజెక్షను సిరంజి వాడాల్సి వచ్చింది, ఇబ్బంది అక్కడే. నడకలో ఇబ్బంది లేదు.

ఆవిరి సంగతి రెండోది. నీటిబొట్టు ఆవిరైతే మామూలు ఒత్తిడి దగ్గర దాదాపు 1,600 రెట్లు చోటు ఆక్రమిస్తుంది. బాయిలర్లో కొంచెం నీరు ఆవిరవగానే అది గొట్టంలో ఉన్న నీళ్ళని బయటికి నెడుతుంది. ఇంతవరకూ ఎవరైనా ఊహిస్తారు. కానీ ఇక్కడితో కథ అయిపోవాలి కదా? ఆవిరి నీళ్ళని కాస్త నెట్టి, బయటి ఒత్తిడితో సమానం కాగానే ఆగిపోవాలి. లేకపోతే మరిగే ఇడ్లీ పాత్ర మూతలాగా ఊరికే బుసకొడుతూ ఉండాలి. మళ్ళీ వెనక్కి ఎందుకు పీలుస్తుంది?

దీనికి జవాబు నాకు కాయితం మీద దొరకలేదు, తాతయ్య షెడ్డు గుర్తొస్తే దొరికింది. ఆయన బాగుచేసేవాటిలో ఎక్కువ లిస్టర్ రకం ఇంజన్లు. ఇంగ్లండు లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో తెచ్చిన డిజైనుకి రాజ్‌కోట్‌లో చేసిన నకళ్ళు. ఆరు గుర్రాల బలం, నిమిషానికి 650 చుట్లు, పక్కన రెండు బరువైన ఫ్లైవీళ్ళు. నాలుగు స్ట్రోకుల ఇంజన్లో బలం వచ్చేది ఒక్క స్ట్రోకులోనే. మిగతా మూడూ ఫ్లైవీలు దగ్గర అప్పు తెచ్చుకుని గడుపుతుంది. "చక్రం తీసేస్తే ఒక్క దెబ్బ కొట్టి ఆగిపోద్ది" అనేవాడు తాతయ్య. మరి రేకు పడవలో ఫ్లైవీలు ఏది?

గొట్టంలో ఉన్న నీళ్ళే. ఆవిరి తోసిన నీటి కడ్డీకి బరువుంది, ఒకసారి కదిలాక అది టక్కున ఆగదు. లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడికి సమానమైన చోటు దాటి ఇంకాస్త ముందుకి పోతుంది. అలా పోతూ వెనక ఉన్న ఆవిరిని సాగదీస్తుంది, లోపలి ఒత్తిడి పడిపోతుంది. పైగా ఆవిరి ఇప్పుడు బాయిలరు దాటి, నీళ్ళలో మునిగి చల్లగా ఉన్న గొట్టంలోకి వచ్చింది. అక్కడ చల్లబడి మళ్ళీ నీరవుతుంది. 1,600 రెట్లు ఉన్నది ఒక రెట్టుకి కుంచించుకుపోతుంది. లోపల ఖాళీ. బయటి గాలి ఒత్తిడి నీళ్ళని లోపలికి తోస్తుంది. ఈసారి కూడా నీటి కడ్డీ ఆగాల్సిన చోట ఆగదు, ఊపు మీద వేడి బాయిలరు దాకా వస్తుంది. కాస్త నీరు కాలిన రేకుకి తగిలి చుయ్యిమని ఆవిరవుతుంది. మళ్ళీ మొదలు. ఇదంతా సెకనులో చాలాసార్లు. నీళ్ళే పిస్టను, నీళ్ళే ఫ్లైవీలు, నీళ్ళే ఇంధనం లాగా లోపలికొచ్చి ఆవిరయ్యేదీ. ఇంజను భాగాలన్నీ కరిగి ఒకే పదార్థమైపోయినట్టు ఉంటుంది.

ఆవిరి యంత్రాల చరిత్ర చదివినవాళ్ళకి ఇది వింతగా అనిపించదు. 1698లో ఇంగ్లండులో థామస్ సేవరీ గనుల్లో నీళ్ళు తోడ్డానికి పేటెంటు తీసుకున్న యంత్రంలోనూ పిస్టను లేదు. పెద్ద పాత్రలోకి ఆవిరి పంపి లోపలి నీళ్ళని పైకి నెట్టడం, పాత్ర మీద చన్నీళ్ళు పోసి ఆవిరిని చల్లబరచడం, ఏర్పడిన ఖాళీలోకి కింది నీళ్ళు పీల్చడం. కాకపోతే వాల్వులు తిప్పడానికి అక్కడ ఒక మనిషి ఉండాలి. రేకు పడవ ఆ మనిషిని తీసేసింది. ఇంకో ముచ్చట. సేవరీ తర్వాత వచ్చిన న్యూకామెన్ యంత్రంలో ఒకే సిలిండరుని వేడిచేసి, చల్లార్చి, మళ్ళీ వేడిచేయడం వల్ల బొగ్గు దండగ. వేడి చోటు వేరుగా, చల్లబరిచే చోటు వేరుగా పెట్టాలన్నది జేమ్స్ వాట్‌కి తట్టిన ఉపాయం, 1769లో పేటెంటు. రేకు పడవలో బాయిలరు ఎప్పుడూ వేడి, గొట్టం ఎప్పుడూ చల్లన. వాట్ ఉపాయం రెండంగుళాల్లో ఉంది. అలాగని పొదుపైన ఇంజను అనుకునేరు. ఒత్తి ఇచ్చే వేడిలో నడకకి పనికొచ్చేది ఒక శాతంలో ఏ మూలకో ఉంటుంది.

ఇక్కడిదాకా వచ్చి పుస్తకం మూసేద్దామనుకున్నా. అప్పుడు ఇంకా పెద్ద ప్రశ్న తగులుకుంది. ఎంత నీరు బయటికి పోతోందో అంతే నీరు లోపలికొస్తోంది, అదే గొట్టంలోంచి. బయటికి పోయేటప్పుడు పడవని ముందుకి తోస్తే, లోపలికొచ్చేటప్పుడు వెనక్కి లాగాలి కదా? లెక్క సున్నా. పడవ ఉన్నచోటే ముందుకీ వెనక్కీ వణకాలి. కానీ పోతోంది, చూస్తూనే ఉన్నాం.

మా అమ్మమ్మ కట్టెల పొయ్యి దగ్గర ఊదుగొట్టం ఉండేది. దాంతో ఊదితే మూరెడు దూరంలో ఉన్న నిప్పు కూడా భగ్గుమంటుంది. అదే దూరంలో పెట్టి పీల్చి చూడండి (పొగకి కాస్త జాగ్రత్త). మంటకి మీ సంగతే తెలీదు. ఊదినప్పుడు గాలి ఒక ధారగా, ఒకే దిక్కుకి పోతుంది. పీల్చినప్పుడు గొట్టం మూతి చుట్టూ ఉన్న గాలి అన్ని దిక్కుల నుంచీ నెమ్మదిగా వచ్చి చేరుతుంది. దీపం ఊది ఆర్పగలం గానీ పీల్చి ఆర్పలేం. పడవ వెనకాల జరిగేదీ ఇదే. బయటికొచ్చిన నీళ్ళు ధారకట్టి వెనక్కి పోతాయి, పడవ ముందుకి జరుగుతుంది. లోపలికొచ్చే నీళ్ళు చుట్టుపక్కల నుంచి పోగవుతాయి. అవి గొట్టంలో వేగం అందుకునేటప్పుడు పడవని కాస్త వెనక్కి లాగే మాట నిజమే. కానీ అవే నీళ్ళు వెళ్ళి బాయిలర్లో ఆగేటప్పుడు పడవని అంతే ముందుకి తోస్తాయి. లోపలికొచ్చే లెక్క అక్కడికక్కడే చెల్లు. బయటికి పోయిన ధార లెక్క మాత్రం మిగిలిపోతుంది, ఎందుకంటే ఆ నీళ్ళు వేగం మూటగట్టుకుని వెళ్ళిపోయాయి.

చెప్తే ఇంత తేలికా అనిపిస్తుంది. కానీ దీని చుట్టూ పెద్దపెద్ద వాళ్ళు తికమకపడ్డారు. నీళ్ళు చిమ్ముతూ తిరిగే తోట స్ప్రింక్లరు ఉంది కదా, దాన్ని నీళ్ళలో ముంచి చిమ్మే బదులు పీల్పిస్తే ఎటు తిరుగుతుంది? ఎర్నెస్ట్ మాక్ 1883 నాటి తన యంత్రశాస్త్ర గ్రంథంలోనే ఈ రకం ప్రశ్న ఎత్తాడు. ప్రిన్స్‌టన్‌లో చదువుకునే రోజుల్లో ఫైన్‌మన్ దీని మీద వాదించి వాదించి, సైక్లోట్రాన్ ల్యాబులో పెద్ద గాజు బుడ్డిలో గొట్టం పెట్టి, గాలి ఒత్తిడి పెంచుతూ పోయి, బుడ్డి పేల్చేశాడు. ఆయన ఆత్మకథలో ఈ కథ చదివి నవ్వుకున్నవాళ్ళు, జవాబేంటో ఆయన అక్కడ చెప్పలేదని గమనించారో లేదో. న్యూయార్క్ యూనివర్సిటీలో లీఫ్ రిస్ట్రాఫ్ బృందం జాగ్రత్తగా ప్రయోగం చేసి ఫలితం ప్రచురించింది 2024లో. పీల్చే స్ప్రింక్లరు వెనక్కే తిరుగుతుంది, కానీ చిమ్మేదానికంటే సుమారు 50 రెట్లు నెమ్మదిగా. ఆ కాస్త తిరగడం కూడా లోపలికొచ్చిన ధారలు మధ్యలో సరిగ్గా ఎదురెదురుగా ఢీకొనకపోవడం వల్ల. మాక్ పుస్తకం నుంచి లెక్కేస్తే 141 ఏళ్ళు.

రేకు పడవ గురించి భౌతికశాస్త్రవేత్తలు పట్టించుకోవడం కూడా ఆలస్యంగానే జరిగింది. అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో 1958లో జూలియస్ సమ్‌నర్ మిల్లర్ దీని మీద చిన్న నోటు రాశాడు. టీవీలో ఫిజిక్సు చూపిస్తూ 'ఇది ఎందుకిలా?' అని జనాన్ని వేధించిన మిల్లరే. అదే పత్రికలో 1963లో ఫిన్నీ, కర్ల్ ఇద్దరూ కలిసి 'బొమ్మ పడవలో భౌతికశాస్త్రం' అనే అర్థం వచ్చే పేరుతో వివరంగా రాశారు. పియో పేటెంటుకీ ఈ వ్యాసానికీ మధ్య 72 ఏళ్ళు. ఆ 72 ఏళ్ళూ పడవలు మాటు వేసేవాళ్ళు వేస్తూనే ఉన్నారు, అమ్మేవాళ్ళు అమ్ముతూనే ఉన్నారు.

ఇక్కడ ఒక చిన్న ఫిర్యాదు. తెలుగులో సైన్సు రాసినవాళ్ళు లేకపోలేదు. నండూరి రామమోహనరావు 'విశ్వరూపం', 'నరావతారం' చదివి పెరిగినవాళ్ళం, మహీధర నళినీమోహన్ని చదివినవాళ్ళం. నక్షత్రాలూ పరిణామమూ మనకి తెలుగులో దొరికాయి. తిరునాళ్ళలో పది రూపాయలకి అమ్మే వస్తువు ఎలా పనిచేస్తుందో మాత్రం నేను చదివినంతలో దొరకలేదు. పారేసిన డబ్బాలతో, స్ట్రాలతో ఈ పడవ చెయ్యడం పిల్లలకి చూపించింది అరవింద్ గుప్తా. ఐఐటీలో చదివి బొమ్మలు చేసుకుంటూ కూర్చున్న మనిషి. ఆయన దారి వేరే. చెయ్యి ముందు, మాట తర్వాత. తాతయ్యకి ఆయన నచ్చి ఉండేవాడు.

ఇవన్నీ చదివాక నేను నా పందొమ్మిదేళ్ళ జవాబు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. తప్పు చెప్పినందుకు కాదు సిగ్గు. రెండు గొట్టాలు కనపడగానే ఒకటి లోపలికి, ఒకటి బయటికి అని నా బుర్ర ముందే నిర్ణయించేసుకుంది. పుస్తకంలో చూసిన బొమ్మలన్నీ అలాగే ఉన్నాయి మరి. వస్తువుని తిరగేసి చూసింది ఆయన. నేను చూడలేదు. ఆఫీసులో నా పని కూడా ఇలాంటిదే, ఎవరో రాసిన ప్రోగ్రాము ఎందుకు నడుస్తోందో కనిపెట్టడం. నడవకపోతే కారణం త్వరగా దొరుకుతుంది. నడుస్తున్నదాని గురించి మనం తప్పుగా నమ్మినా, ఏళ్ళ తరబడి ఎవరూ పట్టుకోరు.

పోయిన సంక్రాంతికి మా అక్క కొడుకుకి ఈ పడవ చూపించాను. మూసేసిన గొట్టం చూసి, "మామయ్యా, ఇది బ్లాకయింది, విప్పుదామా?" అన్నాడు. వద్దన్నాను. వాడి కోసం రెండు గొట్టాలూ తెరిచి ఉన్న కొత్తది ఒకటి ఆన్‌లైన్లో తెప్పించి, రెండూ టబ్బులో పక్కపక్కనే వదిలాం. కొత్తది తిన్నగా పోయింది. తాతయ్యది ఎడమ పక్కకి ఒరుగుతూ, గోడకి తగిలి, తిరిగి మళ్ళీ బయల్దేరింది. వాడు అడిగిన మొదటి ప్రశ్న, "ఇది కూడా ఎందుకు పోతోంది?" నేను జవాబు చెప్పకుండా సిరంజి వాడి చేతికిచ్చాను.